సాఫ్ట్ పెడల్ ఎప్పుడు నొక్కాలి? మొత్తం నొక్కే ఉంచాలా?

నీలాంబరి_సికిందరాబాద్:
అందరికీ నమస్కారం. ఉద్యోగం చేసుకుంటూ డిజిటల్ పియానో మీద నేర్చుకుంటున్నాను. ఇప్పుడు ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యుసీ ‘క్లేర్ ద లూన్’ పట్టుకున్నాను. మొదట్లోనే ‘కాన్ సోర్దీనా’ అని ఉంది, ఎడమ పెడల్, అంటే సాఫ్ట్ పెడల్, నొక్కమని అర్థమని మా టీచర్ చెప్పారు. సరే, నొక్కి వాయిస్తున్నా. ఇంట్లో అయితే వాల్యూమ్ కాస్త తగ్గినట్టు ఉంటుంది, అంతే.

మొన్న ఒక ఫ్రెండ్ వాళ్ల క్లబ్‌హౌస్‌లో గ్రాండ్ పియానో కనిపిస్తే ఆశ ఆపుకోలేక కూర్చున్నాను. ఎడమ పెడల్ నొక్కగానే కీబోర్డు మొత్తం కుడి పక్కకి జరిగింది! ఏదో విరిగిందని గుండె ఆగినంత పనైంది. పైగా సౌండ్ పెద్దగా తగ్గలేదు, మారింది. ఎవరో ముక్కుతో పాడినట్టు వచ్చింది. ఇదేంటి? ముక్క మొత్తం నొక్కే ఉంచాలా? మెల్లగా వాయించడం చేతకానివాళ్లే ఆ పెడల్ వాడతారని ఒకరన్నారు. నిజమా?

కాకినాడ_కీస్:
నేను చర్చిలో వాయిస్తాను. మా దగ్గర పాత అప్‌రైట్ (తీగలు నిలువుగా ఉండే పియానో) ఉంది. దాని ఎడమ పెడల్‌కి తేడా తెలిసేది వాయించేవాడికే, కింద కూర్చున్నవాళ్లకి తెలీదు. కాబట్టి నేను ముట్టుకోను. వేళ్లతో తగ్గించుకోవడమే మేలు.

తీగలమేస్త్రి:
నీలాంబరి గారూ, ఏమీ విరగలేదు. పియానోలు ట్యూన్ చేయడం నా వృత్తి, ఊరు నెల్లూరు, ఉండేది చెన్నైలో. కొత్తగా గ్రాండ్ ముందు కూర్చున్నవాళ్లు ఈ కంగారుతో ఫోన్ చేయడం నాకు మామూలే.

గ్రాండ్‌లో కీబోర్డూ, వెనక తీగల్ని కొట్టే హ్యామర్ల వరుసా కలిసి ఒకే చట్రంగా ఉంటాయి. ఎడమ పెడల్ ఆ చట్రాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకి నెడుతుంది. మధ్య నుంచి పైకి ఒక్కో కీకి మూడు తీగలుంటాయి కదా, జరిగాక హ్యామర్ రెండింటికే తగులుతుంది. మూడో తీగకి దెబ్బ పడదు. కానీ తీగల మోత ఆపే డ్యాంపర్ మూడింటి మీద నుంచీ లేస్తుంది కాబట్టి, పక్క తీగల కదలిక అవన్నీ ఆనుకుని ఉండే బ్రిడ్జి గుండా వచ్చి దాన్ని కూడా మోగిస్తుంది. అందుకే మొదటి దెబ్బ మెత్తగా ఉన్నా నాదం చాలాసేపు సాగుతుంది. ఒకే కీకి ఉన్న తీగలు ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో 1977లో గాబ్రియెల్ వైన్‌రైక్ అనే భౌతికశాస్త్రవేత్త లెక్కలు కట్టి చూపించాడు.

రెండో సంగతి హ్యామర్‌కి చుట్టిన ఫెల్ట్ (ఒత్తైన ఉన్ని గుడ్డ). వాయించగా వాయించగా హ్యామర్ ఫెల్ట్ మీద తీగల గాట్లు పడి అక్కడ గట్టిపడుతుంది. పక్కకి జరిగినప్పుడు తీగ గాటుకి బయట, ఇంకా మెత్తగా ఉన్నచోట తగులుతుంది. బేస్ చివర కీకి ఒక్క తీగే ఉన్నచోట కూడా నాదం మారేది ఇందుకే. మీకు ముక్కు గొంతు వినిపించిందంటే తీగ సరిగ్గా గాటు అంచు మీద పడుతున్నట్టుంది. సూదులతో ఫెల్ట్ పొడిచి వాయిసింగ్ (నాదం సరిచేయడం) చేయాలి, ఎంత జరగాలో అక్కడున్న స్క్రూతో సరిచేయాలి. మరీ ఎక్కువ జరిగితే హ్యామర్ పక్క నోటు తీగని కూడా గీరుతుంది. ట్యూనింగ్‌కి వచ్చినవాళ్లు చాలామంది ఈ పెడల్ నొక్కి చూడకుండానే డబ్బులు తీసుకుని వెళ్లిపోతారు. మా వృత్తివాళ్ల మీద నాకున్న కోపం ఇది, ఇక్కడ ఆపుతా.

ఇక మీ అసలు ప్రశ్న. గొంతు తగ్గించడం వేరు, గొంతు మార్చడం వేరు. తగ్గించే పని వేళ్లు చేయాలి. బేతోవెన్ నాలుగో పియానో కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించేది) రెండో భాగం వినండి, 1808 డిసెంబరు 22న వియన్నాలో మొదటిసారి జనం ముందు వాయించింది. వయొలిన్లూ చెల్లోలూ అన్నీ ఒక్కటై కటువుగా గద్దిస్తుంటే పియానో బతిమాలుతుంది. ఆ భాగమంతా ఎడమ పెడల్ మీదే వాయించమని రాశాడు. చివరికొస్తూ పొడవాటి ట్రిల్ (రెండు పక్క నోట్లు వేగంగా మార్చి మార్చి వాయించడం) వస్తుంది. అక్కడ మాత్రం ముందు రెండు తీగలు, తర్వాత మూడు అని విడిగా రాసి, మళ్లీ ఒక్క తీగకి దించాడు. అప్పటి పియానోల్లో పెడల్ ఎంత లోతుకి నొక్కితే అలా మూడు, రెండు, ఒకటి అయ్యేవి. ఇప్పటి గ్రాండ్‌లో మూడు తీగల కీకి ఒక్క తీగ దాకా పోదు. ఆయనే 1821లో రాసిన ఓపస్ 110 సోనాటాలో ఫ్యూగ్ (ఒకే పాటని గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే భాగం) తలకిందులై మళ్లీ మొదలయ్యేది కూడా ఈ పెడల్ మీదే, అక్కణ్నుంచి కొద్దికొద్దిగా అన్ని తీగల్లోకీ వస్తుంది. చేతకానివాళ్లు వాడేదని చెప్పినాయనకి ఈ రెండూ వినిపించండి.

మీ డెబ్యుసీకి నా సలహా. ముందు ఎడమ పెడల్ ముట్టుకోకుండా మొదటి పేజీ పియానిస్సిమోలో (చాలా మెత్తగా) వాయించండి. చేతికి వచ్చాక పెడల్ కలపండి. మొదటి నోటుకి ముందే పూర్తిగా నొక్కి ఉండాలి. పాట నడుస్తుండగా మధ్యలో నొక్కితే సగం మాట ఒకరు, సగం మాట ఇంకొకరు అన్నట్టు తెలిసిపోతుంది. మొదటి పద్నాలుగు బార్లూ అలా ఉండనిచ్చి, 15వ బార్‌లో కార్డులు (ఒకేసారి మోగే నోట్ల గుత్తులు) మొదలై పైకి పెరగడం చూసుకుని ఏ కదలికకి ముందు వదలాలో మీరే తేల్చుకోండి. నేనైతే 15వ బార్‌లోనే వదలను, పెరుగుతున్నది చెవికి స్పష్టంగా తెలిశాకే వదులుతా. 51వ బార్‌లో మొదటి పాట తిరిగొచ్చినప్పుడు మూడు ‘పి’లు (పియానిస్సిమో కంటే ఇంకా మెత్తగా అని గుర్తు) ఉంటాయి. అక్కడ పెడల్ మళ్లీ నొక్కండి, కానీ మొదట్లో దాన్ని వాడేశారు కాబట్టి ఆ మూడో ‘పి’ వేళ్లే తేవాలి.

డాలస్_బావగారు:
మేస్త్రి గారి మాటకి ఒక తోక. డిజిటల్‌లో తీగలూ లేవు, జరిగే చట్రమూ లేదు. పెడల్ నొక్కితే మిడి (MIDI, డిజిటల్ వాద్యాల సంకేత పద్ధతి)లో 67వ నంబరు కంట్రోల్ పోతుంది (సస్టెయిన్, అంటే కుడి పెడల్‌ది 64), దాంతో ఏం చేయాలో ఆ మోడల్ ఇష్టం. చాలావాటిలో వాల్యూమ్ కొంచెం తగ్గి, మెరుపు కొంచెం పోతుంది. కాబట్టి ఇంట్లో పెడల్ ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు వదలాలో కాలికి అలవాటు చేసుకోవచ్చు. నాదం ఎలా మారుతుందో మాత్రం గ్రాండ్ దగ్గరే వినాలి. ఒక్క మాట ఒప్పుకోను సార్. పియానో పరీక్షకి వెళ్తే హాల్లో ఏ పియానో ఉంటుందో ముందు తెలీదు. పెడల్ మీదే ఆధారపడి ముక్క తయారుచేస్తే అక్కడ ఇబ్బందే. మా అమ్మాయికి పెడల్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి ప్రాక్టీస్ చేయిస్తా.

నీలాంబరి_సికిందరాబాద్:
చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మేస్త్రి గారూ, సెకండ్ హ్యాండ్ అప్‌రైట్ కొందామనుకుంటున్నా. దాంట్లో ఈ మార్పు రాదా?

తీగలమేస్త్రి:
రాదమ్మా. అప్‌రైట్‌లో చట్రం పక్కకి జరగదు. హ్యామర్లన్నీ తీగలకి దగ్గరగా వస్తాయి, దెబ్బకి దూరం తగ్గుతుంది, అందుకే కొంచెం మెల్లగా మోగుతుంది. కాకినాడ ఆయన చెప్పింది ఆ లెక్కన నిజమే. పెడల్ నొక్కి కీ నెమ్మదిగా దించి చూడండి, పైన కాస్త వదులు తగులుతుంది. ఆ వదులు మరీ ఎక్కువుంటే, పెడల్ వదిలినా ఉంటే, రెగ్యులేషన్‌కి (లోపలి భాగాల సర్దుబాటుకి) ఖర్చు పెట్టాల్సి ఉంటుంది, బేరంలో ఆ మాట చెప్పండి. కొన్నింట్లో మధ్య పెడల్ నొక్కితే తీగల ముందుకి ఫెల్ట్ గుడ్డ దిగుతుంది. అది రాత్రిపూట ప్రాక్టీస్‌కి, పక్క ఫ్లాటు వాళ్లతో గొడవ లేకుండా. ‘క్లేర్ ద లూన్’కి దాన్ని వాడకండి.

డాలస్_బావగారు ప్రాక్టీస్ పద్ధతికి నేనూ సరే. పరీక్ష రోజు వార్మప్‌కి ఒక్క నిమిషం ఇచ్చినా స్కేళ్లు వాయించకుండా, ఎడమ పెడల్ నొక్కి మధ్య ‘సి’ నుంచి ఒక ఆక్టేవ్ మెల్లగా వాయించి వినమనండి. నాదం రేకులా వస్తే ఆ రోజుకి పెడల్ జోలికి పోవద్దు.