మా పెదనాన్న కనబడటం లేదు. ఇలాంటి కేసు నలుగురికీ తెలియాలంటే ఏం చేయాలి?

మధిర_కిరణ్

అందరికీ నమస్తే. మా పెదనాన్న సోమవారం పొద్దున ఇంట్లోంచి బయటికెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. వయసు 67. మధిరలో చాలా ఏళ్ళు టైలరింగ్ షాపు నడిపారు. ఈ మధ్య మతిమరుపు బాగా ఎక్కువైంది. ఊరు ఏదంటే ఒకసారి మధిర అంటారు, ఒకసారి పుట్టిన ఊరు నందిగామ అంటారు. ఫోన్ వాడరు. మా నంబర్లు రాసిన చీటీ ఎప్పుడూ చొక్కా జేబులో పెడతాం. ఆ రోజు ఆయనంతట ఆయనే బీరువాలోంచి ఉతికిన చొక్కా తీసి వేసుకున్నారు. చీటీ పాత చొక్కాలోనే ఉండిపోయింది.

రైల్వే స్టేషన్ వైపు నడుచుకుంటూ వెళ్ళడం కిళ్ళీ కొట్టాయన చూశారట. ఆ తర్వాత రైలెక్కారో, ఎక్కితే ఖమ్మం వైపో విజయవాడ వైపో తెలియదు. పోలీసుల దగ్గరికి వెళ్తే ముందు "పెద్దాయనే కదా, సాయంత్రానికి వచ్చేస్తార్లే" అన్నారు. మర్నాడు కేసు రాశారు. ఏ స్టేషనో ఇక్కడ చెప్పను, రేపు మళ్ళీ వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

ఇక నా బాధ. ఇదే వారంలో సిటీలో ఒక అమ్మాయి కనబడకుండా పోయింది. ఏ ఛానల్ పెట్టినా అదే. డ్రోన్ షాట్లు, సీసీ ఫుటేజీ, వాళ్ళ ఇంటి ముందు మైకులు. ఆ అమ్మాయి క్షేమంగా ఇంటికి రావాలనే నేనూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. కానీ మా పెదనాన్న గురించి ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్ళకి ఫోన్ చేస్తే "ఇందులో యాంగిల్ ఏముంది బ్రో?" అని అడిగాడు. ఆస్తి గొడవలున్నాయా, కొడుకులు కొట్టారా అని కూడా అడిగాడు. లేవంటే పెట్టేశాడు.

ఎవరి గురించి జనం వెతుకుతారు, ఎవరి గురించి వెతకరు అనేది ఎవరు డిసైడ్ చేస్తారు? మాలాంటి వాళ్ళం ఏం చేయాలి?

సూటిగా_చెప్తా

అంతా టీఆర్పీ తమ్ముడూ. అందమైన ఫోటో ఉంటే న్యూస్, లేకపోతే లేదు. ఇక్కడే కాదు, అమెరికాలోనూ అంతే. అక్కడ 2021లో వ్యాన్‌లో టూర్‌కెళ్ళిన ఒక తెల్ల అమ్మాయి కోసం దేశమంతా ఊగిపోయింది. తప్పిపోయిన నల్లవాళ్ళ గురించి, అక్కడి ఆదివాసీ ఆడపిల్లల గురించి ఎందుకు పట్టదని అప్పుడే వాళ్ళలో వాళ్ళకే పెద్ద చర్చ జరిగింది. మీడియాని నమ్ముకోకండి.

జిల్లా_పేజీ

కిరణ్ గారూ, నేను ఒక దినపత్రికకి మండల విలేకరిగా చాలా ఏళ్ళు పని చేశాను. ఇప్పుడు మానేశాను. "అదృశ్యం" వార్తలు నా చేతి మీదుగా ఎన్ని వెళ్ళాయో లెక్కలేదు. అందుకే మీ ప్రశ్నకి లోపలి నుంచి జవాబు చెప్పగలను.

పొద్దున్నే స్టేషన్‌కి ఫోన్ చేస్తే ఆ రోజు నమోదైన కేసులు చెప్తారు. మన రెండు రాష్ట్రాల్లో ఈ కేసులకి హెడ్డింగులే వేరుగా ఉంటాయి: మ్యాన్ మిస్సింగ్, ఉమన్ మిస్సింగ్, గర్ల్ మిస్సింగ్. "ఎస్సై తెలిపిన వివరాల ప్రకారం" అని మొదలుపెట్టి, "చామనఛాయ, 5.5 అడుగుల ఎత్తు, గళ్ళ చొక్కా" అని రాసి, "కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు" అని ముగిస్తాం. ఐదు నిమిషాల పని. ఆ వర్ణనకి సరిపోయే మనుషులు ఒక్క ఖమ్మం బస్టాండులోనే వంద మంది ఉంటారు. అది చదివి ఎవరు ఎవర్ని గుర్తుపడతారు చెప్పండి?

అసలు లోపం ఇంకొకటుంది, బయటివాళ్ళకి తెలియదు. మీ వార్త మధిర వాళ్ళు చదివే జిల్లా పేజీలోనే పడుతుంది. మీ పెదనాన్న రైలెక్కి ఉంటే ఆయన మధిరలో ఉండరు కదా! వరంగల్లో దిగితే వరంగల్ పేజీలో రావాలి. విజయవాడలో దిగితే అది వేరే రాష్ట్రం, వేరే ఎడిషన్. మనిషి లేని చోట మాత్రమే వార్త వేస్తాం. టీవీలో రాలేదని బాధపడే టైమ్‌లో ఈ సంగతి పట్టుకోండి.

ఎవరు డిసైడ్ చేస్తారు అన్నారు. ఒక్కడు కూర్చుని చేయడు. ఎస్సై "లవ్ మ్యాటరేమో" అంటాడు, నేను "సింగిల్ కాలమ్ చాలు" అనుకుంటాను, ఆఫీసు డెస్క్‌లో ఉండేవాడు ఫోటో బాగాలేదని తీసేస్తాడు. నోయిడాలో 2006లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఆ నవంబరులో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ అధిపతి మూడేళ్ళ కొడుకుని ఎత్తుకెళ్ళారు. దేశమంతా టీవీల ముందు కూర్చుంది, కొన్ని రోజుల్లోనే బాబు ఇంటికొచ్చాడు. అదే ఊళ్ళో నిఠారీలో కూలి పనులు చేసుకునేవాళ్ళ పిల్లలు అప్పటికి ఎన్నో నెలలుగా ఒకరి తర్వాత ఒకరు మాయమవుతున్నారు. తల్లిదండ్రులు స్టేషన్ చుట్టూ తిరిగారు. డిసెంబరు ఆఖర్లో కాలవలో ఎముకలు బయటపడితే గానీ కెమెరాలు అటు తిరగలేదు.

మన దగ్గర మాత్రం తక్కువా? యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్ చూడండి. 2019 ఏప్రిల్లో ఒక స్కూలు పిల్ల శవం బావిలో దొరికాక, అంతకు ముందు నెలలో కనబడకుండా పోయిన కాలేజీ అమ్మాయి, 2015లో తప్పిపోయిన పదకొండేళ్ళ పాప, ఇద్దరి సంగతీ ఆ చుట్టుపక్కల బావుల్లోనే తేలింది. నిందితుడికి 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు ఉరిశిక్ష వేసింది. 2015లో ఆ పాప గురించి రాష్ట్రంలో ఎంతమందికి తెలుసు?

ఇంకోవైపు ముంబయి కథ. డి.ఎన్.నగర్ స్టేషన్‌లో రాజేంద్ర భోస్లే అని ఒక ఏఎస్సై ఉండేవాడు. తప్పిపోయిన 166 మంది ఆడపిల్లల కేసుల్లో 165 మంది దొరికారు. 2013 జనవరిలో స్కూలు దగ్గర మాయమైన ఏడేళ్ళ పాప ఒక్కతే మిగిలిపోయింది. ఆయన రిటైరయ్యాక కూడా ఆ పాప ఫోటో దగ్గర పెట్టుకుని తిరిగాడు. తొమ్మిదేళ్ళ తర్వాత, 2022 ఆగస్టులో దొరికింది. ఎలా దొరికిందనుకుంటున్నారు? ఆ పిల్లకి తోడు నిలిచిన పనిమనిషి ఒకావిడ ఇంటర్నెట్‌లో వెతికితే పాత పోస్టరు కనిపించింది. దాని మీద ఐదు ఫోన్ నంబర్లున్నాయి. నాలుగు పని చేయలేదు, ఐదోది పక్కింటాయనది, అది మోగింది. పిల్ల ఉన్నది సొంతింటికి అర కిలోమీటరు కూడా లేని చోట.

కాబట్టి పోస్టరు మీద ఒక్క నంబరు వేయకండి. ఇంట్లో ముగ్గురివి, పక్కింటివాళ్ళది ఒకటి వేయండి. మధిరలో అంటించింది చాలు. రైలు ఆగే ప్రతి స్టేషన్‌లో, ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాళ్ళకి, ఆటో స్టాండుకి, గుడి దగ్గర అన్నదానం పెట్టేవాళ్ళకి ఇవ్వండి. మతి తప్పిన పెద్దాయనకి ఆకలేస్తే వెళ్ళేది అక్కడికే.

ఒక్క మాట చెప్పండి. కొత్త మనిషి కనిపిస్తే మీ పెదనాన్న ఏం చేస్తారు? ఏం మాట్లాడతారు?

మధిర_కిరణ్

అన్నా, ఇది ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆయన ఎవర్ని చూసినా కాలర్ వెనక్కి తిప్పి కుట్టు చూస్తారు. బాగుంటే "ఎవరు కుట్టారు?" అంటారు, బాగోకపోతే "రెడీమేడా?" అని వెక్కిరిస్తారు. కుడి బొటనవేలు పక్కన కత్తెర పట్టీ పట్టీ గట్టిగా కాయ కాసింది. మేం పోలీసులకి గళ్ళ చొక్కా, ఎత్తు, పుట్టుమచ్చ మాత్రమే చెప్పాం.

అక్క_గుంటూరు

తమ్ముడూ, పెదనాన్నగారు త్వరగా దొరకాలి. నేను రెండో వైపు కూడా చెప్తాను. మా చెల్లి పెళ్ళి విషయంలో ఇంట్లో గొడవపడి స్నేహితురాలి దగ్గరికి వెళ్ళిపోయింది. మాకు తెలియక ఫోటో, నాన్న నంబరు వాట్సాప్‌లో పెట్టాం. కొన్ని గంటల్లోనే ఎక్కడెక్కడికో వెళ్ళింది. ఒక ఛానల్ వాడు థంబ్‌నెయిల్లో చెల్లి ఫోటో పక్కన ఎవడో అబ్బాయి నీడ పెట్టి "ప్రియుడితోనేనా?" అని వేశాడు. కింద కామెంట్లు చదివి అమ్మ మంచం పట్టింది. "మీ అమ్మాయి మా దగ్గరే ఉంది, ఫోన్‌పే చేయండి" అని డబ్బులడిగిన కాల్స్ అయితే చెప్పక్కర్లేదు.

చెల్లి ఆ వారంలోనే ఇంటికొచ్చింది. పెళ్ళయింది, బాబు కూడా. ఆ ఫార్వర్డ్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఎవరో పుణ్యాత్ములు ఇప్పటికీ నాన్నకి ఫోన్ చేసి "మీ పాప దొరికిందా అండీ" అంటారు. మంచి మనసుతోనే అడుగుతారు, ఏమనగలం?

అందుకని ఫోటో మీదే తేదీ వేయండి. కింద మెసేజ్‌లో రాస్తే చాలదు, ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఫోటో ఒక్కటే పంపుతారు. డబ్బులడిగితే ఆయన వేసుకున్న చొక్కా రంగు అడగండి. ఆ ఒక్క వివరం పోస్టర్లో వేయకుండా మీ దగ్గర దాచుకోండి.

లాయరమ్మ

కిరణ్ గారూ, కొన్ని విషయాలు. 24 గంటలు ఆగాలనే రూల్ ఎక్కడా లేదు, ఈసారి ఎవరైనా అంటే రాసివ్వమనండి. "మా లిమిట్స్ కాదు" అన్నా ఊరుకోకండి. జీరో ఎఫ్ఐఆర్ ఇప్పుడు కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లోనే ఉంది, ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. 2019లో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టరు కనబడటం లేదని ఇంట్లోవాళ్ళు వెళ్తే, పరిధి మాది కాదని తిప్పినందుకు పోలీసులు సస్పెండయ్యారు కదా. పిల్లల విషయంలో అయితే సుప్రీంకోర్టు 2013 మేలోనే తేల్చి చెప్పింది: తప్పిపోయిన బాలల ఫిర్యాదు ఏదొచ్చినా ఎఫ్ఐఆర్ కట్టాలి, కిడ్నాపో అక్రమ రవాణానో అనుకునే దర్యాప్తు మొదలుపెట్టాలి. పెద్దవాళ్ళ విషయంలో అంత గట్టి ఆదేశం లేదు. "మేజరే కదా, ఇష్టం వచ్చి వెళ్ళాడు" అనే మాట అక్కడి నుంచే వస్తుంది.

మీ పెదనాన్నది ఇష్టపడి వెళ్ళడం కాదు. డాక్టర్ చీటీలు ఉంటే వాటి జిరాక్సులు ఫిర్యాదుకి జత చేసి, మతిమరుపు జబ్బు సంగతి ఎఫ్ఐఆర్‌లో రాయించండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 100 ప్రకారం మానసిక జబ్బుతో దిక్కులేకుండా తిరిగే మనిషి కనిపిస్తే మిస్సింగ్ ఎఫ్ఐఆర్ కట్టి, ఇంటివాళ్ళని వెతికే బాధ్యత పోలీసులదే. అంటే ఆయన ఇంకో ఊళ్ళో దొరికి ఉంటే అక్కడి స్టేషన్‌లో కాగితం ఉండే అవకాశం ఉంది. తెలంగాణ పోలీసుల దగ్గర దర్పణ్ అని ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్ 2018 నుంచి ఉంది. 2015లో ప్రయాగ్‌రాజ్ దగ్గర తప్పిపోయిన ఒక ఆటిజం పిల్లాడు అయిదేళ్ళ తర్వాత అస్సాంలో ఉన్నట్టు దాని ద్వారానే తెలిసింది. మీ ఫోటో అందులో ఎక్కించారా అని స్పష్టంగా అడగండి. గుంపులో తీసిన ఫోటో కత్తిరించి ఇవ్వకండి, ముఖం నేరుగా కనిపించేది ఇవ్వండి.

చెప్పడానికి నోరు రావట్లేదు గానీ, ఖమ్మం, వరంగల్, విజయవాడ రైల్వే పోలీసుల దగ్గర, పెద్దాసుపత్రుల్లో కూడా ఎవరో ఒక మగమనిషి వెళ్ళి చూడాలి. ఇంట్లో పెద్దమ్మగారికి చెప్పకుండా వెళ్ళండి.

సూటిగా_చెప్తా

మేడం, 2019 నుంచి 2021 వరకు దేశంలో 13 లక్షల మందికి పైగా ఆడవాళ్ళు, ఆడపిల్లలు కనబడకుండా పోయారని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. ఇన్ని కేసుల్లో ఒక ముసలాయన్ని ఎవరు చూస్తారు?

జిల్లా_పేజీ

ఆ లెక్క నిజమే. అందులో తర్వాత ఇంటికొచ్చినవాళ్ళు కూడా ఉన్నారని ఎవరూ చెప్పరు. 2023లో ఆంధ్రలో ఇదే విషయం మీద నాయకులు ఎంత గొడవపడ్డారో చూశాం. అంకెల మీద అరుచుకున్నారు. ఒక్క మనిషి పేరు గానీ, ఫోటో గానీ ఎవరి నోటా రాలేదు. 13 లక్షల మందిని ఎవరూ వెతకలేరు. కాలర్ తిప్పి చూసే టైలర్ తాతని వెతకగలరు.

కిరణ్ గారూ, పోస్టరు ఇలా వేయండి:

"ఈ పెద్దాయన మీ చొక్కా కాలర్ తిప్పి కుట్టు చూశారా? 'ఎవరు కుట్టారు' అని అడిగారా? కుడి బొటనవేలు పక్కన కత్తెర కాయ ఉంటుంది. ఊరు మధిర అంటారు, ఒక్కోసారి నందిగామ అంటారు. మతిమరుపు ఉంది, కోప్పడకండి. కూర్చోబెట్టి టీ ఇచ్చి మాకు ఫోన్ చేయండి."

తేదీ ఫోటో మీద, పెద్ద అక్షరాల్లో. నాలుగు నంబర్లు. చొక్కా సంగతి అక్కగారు చెప్పినట్టు వదిలేయండి. నందిగామకి రైలు లేదు, కానీ ఆయన విజయవాడలో దిగి బస్సెక్కి ఉండొచ్చు. అక్కడ పాత బంధువులు, పాత టైలర్లు ఎవరున్నారో ముందు వాళ్ళకి పంపండి. వరంగల్, విజయవాడ పేజీల్లో పని చేసేవాళ్ళు నాకు తెలుసు, ఫోటో పంపితే వాళ్ళతో నేను మాట్లాడతాను.

మధిర_కిరణ్

పంపాను అన్నా. తమ్ముడు పోస్టర్లు తీసుకుని పొద్దున బండికి విజయవాడ బయల్దేరుతున్నాడు, నేను వరంగల్ వైపు వెళ్తాను. నందిగామలో పెదనాన్న దగ్గర పని నేర్చుకున్నాయన ఒకరు ఇంకా షాపు నడుపుతున్నారని పెద్దమ్మ చెప్పింది. నంబరు లేదు, తమ్ముడు నేరుగా వెళ్ళి కలుస్తాడు. లాయర్ మేడం, డాక్టర్ చీటీలు జిరాక్స్ తీయించాను.

అక్క_గుంటూరు

దొరికాక ఈ పోస్టు తీసేయకండి తమ్ముడూ. "దొరికారు" అని పైన రాసి తేదీ వేసి ఉంచండి. లేకపోతే పదేళ్ళయినా మీకు ఫోన్లు వస్తూనే ఉంటాయి.