ఇంత ఎండ కాసే అనంతపురంలో విటమిన్ డి మాత్రలు ఎందుకు?

టవర్‌క్లాక్: మా అక్కకు రెండేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంట్లోని ఇమ్యూనిటీయే కీళ్ల మీద దాడి చేసే జబ్బు. పొద్దున లేస్తే గంటసేపు వేళ్లు మడవలేదు, సంగటి గెలికే కట్టె పట్టుకోలేదు. మొన్న రక్తపరీక్షలో విటమిన్ డి 11 వచ్చింది. వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో చూసి, డి గట్టిగా వేసుకుంటే ఇమ్యూనిటీ దారికొస్తుంది, ఆ జబ్బుకు డాక్టరిచ్చిన మెథోట్రెక్సేట్ మందు మానేస్తానంటోంది. అసలు మే నెలలో మాడు పగిలే ఎండ కాసే మన ఊళ్లో డి ఎట్లా తగ్గుతుంది?

హంద్రీగట్టు: ల్యాబుల వ్యాపారం తమ్ముడూ. మా తాత బతికినన్నాళ్లూ చేన్లోనే ఉన్నాడు, ఏ మాత్రా ఎరగడు.

బుగ్గవంక: మీ తాత చొక్కా లేకుండా చేన్లో ఉన్నాడన్నా. మనం పదికల్లా తలుపులేసుకుంటున్నాం. వేడి వేరు, డి తయారు చేసే అతినీలలోహిత బి కిరణాలు వేరు. అవి కిటికీ అద్దం దాటి రావు. మన రంగుకు తెల్లవాళ్లకంటే ఎక్కువసేపు ఎండ కావాలి. అంతెందుకు, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి డాక్టర్లు 2007లో ప్రచురించిన పరిశోధనలో పల్లెల్లో పొలం పనులు చేసేవాళ్లలో కూడా చాలామందికి డి తక్కువే ఉంది. తిండిలో కాల్షియం తక్కువ, కాల్షియంను ఒంటికి పట్టనివ్వని, గింజల్లో ఉండే ఫైటేట్లు ఎక్కువ అని కూడా అందులో రాశారు.

ఇమ్యూనిటీతో సంబంధమూ కల్పన కాదు. క్రిముల్ని మింగే మాక్రోఫేజ్ కణాలు డిని తామే పనికొచ్చే రూపంలోకి మార్చుకుని, వాటిని చంపే కాథెలిసిడిన్ అనే పదార్థం తయారు చేసుకుంటాయి. ఇమ్యూనిటీలో దాడి నడిపే టీ కణాల దూకుడును కూడా డి కొంత తగ్గిస్తుంది.

టవర్‌క్లాక్: అయితే అక్క మాటే కరెక్టా? డి వేసుకుంటే ఇట్లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు 22 శాతం తగ్గాయని వీడియోలో చెప్పాడు.

బుగ్గవంక: అది అమెరికాలో జరిగిన వైటల్ అధ్యయనం, 2022లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. 50 దాటిన 25,871 మందిలో సగం మందికి ఐదేళ్లకు పైగా రోజూ 2000 యూనిట్ల డి ఇచ్చారు, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర. కొత్తగా జబ్బు వచ్చినవాళ్లు అటు 123, ఇటు 155. 22 శాతం అంటే దాదాపు 13 వేల మందిలో 32 మంది తేడా. మాత్రలు ఆపాక రెండేళ్లు చూస్తే ఆ తేడా నిలవలేదు. పైగా అక్కడ చూసింది జబ్బు రాకుండా ఆపుతుందా అని. మీ అక్కకు జబ్బు వచ్చేసింది కదా.

గుత్తికోట: తమ్ముడూ, డోసు గట్టిగా అన్నావు చూడు, అక్కడ జాగ్రత్త. మా అమ్మకు 60,000 యూనిట్ల ప్యాకెట్ వారానికొకటి రాసిచ్చారు. మందుల షాపులో పిల్లోడు రోజుకొకటి అన్నాడు. రెండు నెలలు రోజూ రాత్రి పాలల్లో కలుపుకొని తాగింది. మొదట ఆకలి పోయింది. తర్వాత చెంబులకు చెంబులు నీళ్లు తాగడం, వాంతులు. ఒకరోజు నన్ను చూసి మా చిన్నాయన పేరు పెట్టి పిలిచింది. పరీక్ష చేస్తే రక్తంలో కాల్షియం బాగా పెరిగి, కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారం రోజులు సెలైన్ ఎక్కించారు. ఖాళీ ప్యాకెట్లన్నీ డబ్బాలో దాచిపెట్టింది కాబట్టి సరిపోయింది, లేకపోతే డాక్టరుకు కూడా అంత తొందరగా తెలిసేది కాదు.

హంద్రీగట్టు: ఆ డబ్బా సంగతి వింటే భయమేస్తోంది. కానీ నా మాట పూర్తిగా తప్పు కాదు. ఏ జబ్బూ లేనివాళ్లకు ఊరికే డి పరీక్షలు చేయొద్దని 2024లో హార్మోన్ల డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ వాళ్లే చెప్పారు. మన దగ్గర ప్రతి ఫుల్ బాడీ ప్యాకేజీలోనూ అది పెడుతున్నారు.

బుగ్గవంక: ఆ మాట ఒప్పుకుంటా. కానీ 11 ఉన్న మనిషి, అందులోనూ కీళ్లజబ్బుతో ఉన్న మనిషి లెక్క వేరు. ఎముకల కోసమైనా డి వేసుకోవాలి. మెథోట్రెక్సేట్ బదులుగా మాత్రం కాదు.

టవర్‌క్లాక్: గుత్తికోట అక్క రాసింది మా అక్కకు చదివి వినిపించాను. మెథోట్రెక్సేట్ మానను అంది. అదీ, అక్కకు రాసిచ్చిన డీ రెండూ వారానికొకసారి వేసుకునేవే కాబట్టి వంటింటి క్యాలెండర్లో ఆదివారాలకు ఎర్రపెన్ను, బుధవారాలకు నీలంపెన్ను సున్నాలు చుట్టి వచ్చాను. వీడియో పంపింది మా బావేనంట.