మణికట్టు నొప్పిని గాయాల రిజిస్టర్‌లో ఎక్కించాలా?

హెచ్‌ఆర్ డెస్క్:
జారిపడ్డా, వేలు తెగినా తేదీ, టైమ్, చోటు, సాక్షి రాసేస్తాం. డేటా ఎంట్రీ వాళ్ల మణికట్టు నొప్పికి ఆ గడుల్లో ఏం రాయాలి? ఇంట్లో గంటల తరబడి ఫోన్ పట్టుకున్నా వస్తుందది. సెలవుల ఫైల్లో ఉంటే చాలని నా వాదన.

సేఫ్టీ ఆఫీసర్:
ఒప్పుకోనండి. గడి నిండట్లేదంటే ఫారం మార్చుకోవాలి. మొదటిసారి చెప్పిన రోజునే తేదీగా వేయండి. ఏ పని, రోజుకు ఎన్ని గంటలు, ఎన్నాళ్లుగా, సెలవుల్లో తగ్గుతోందా అన్నవి అడగండి. ఆ చివరిది అస్సలు వదలొద్దు.

వృత్తి వైద్యం:
తిమ్మిరి ఏ వేళ్లలోనో కూడా రాయండి. కార్పల్ టనెల్ అంటే మణికట్టులోని ఇరుకు దారిలో నరం నలిగే జబ్బు, అందులో నలిగేది మీడియన్ నరం. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి, రాత్రి లేచి చెయ్యి విదిలించుకుంటారు. చిటికెనవేలికి సాధారణంగా ఏమీ కాదు. అదే తిమ్మిరెక్కుతోందంటే మోచేతి దగ్గర నరాన్ని అనుమానించాలి, బల్ల అంచుకు మోచెయ్యి ఆనిస్తున్నారేమో చూడాలి. ఊరికే 'చేతి నొప్పి' అని రాస్తే మౌస్ మారుస్తారు, బల్ల అలాగే ఉంటుంది. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భం వల్ల కూడా కార్పల్ టనెల్ రావచ్చు కనుక కారణం తేల్చాల్సింది డాక్టరే.

హెచ్‌ఆర్ డెస్క్:
అదే నా భయం. అన్నీ ఎక్కిస్తే నిజంగా ప్రమాదకరమైనవి ఆ గుంపులో కలిసిపోతాయి.

సేఫ్టీ ఆఫీసర్:
పైకి కనిపించేదాన్ని బట్టి ప్రమాదం తేల్చలేమండి. హైడ్రాలిక్ గొట్టం నుంచి చిమ్మిన నూనె వేలిలోకి దూరితే కనిపించేది సూదిమొనంత రంధ్రం, మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండదు. ప్లాస్టర్ వేసి 'ప్రథమ చికిత్స' అని రాసి పంపేస్తే లోపల నూనె పొరల్లోకి పాకుతుంది. గంటల్లో ఆపరేషన్ జరగకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు. వినికిడి సంగతీ అంతే. అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియాష్ లెక్కలో 85 డెసిబెల్స్ చప్పుడుకు రోజుకు హద్దు 8 గంటలు, 3 పెరిగిన ప్రతిసారీ అందులో సగం. 88కి 4 గంటలు, 91కి 2. ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష గ్రాఫ్‌లో, 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడ్డాక (ఆ కీచు శబ్దాలకు వినికిడి తగ్గాక) కూడా మామూలు మాటలు చక్కగా వినిపిస్తుంటాయి, అందుకే ఎవరూ ఫిర్యాదు చేయరు. రిజిస్టర్‌ను రెండు భాగాలు చేయండి: ఒక్కసారిగా తగిలినవి, మెల్లగా ముదిరినవి.

హెచ్‌ఆర్ డెస్క్:
రెండు భాగాలకు సరే. కారణం గడి మాత్రం డాక్టర్ కాగితం వచ్చేదాకా ఖాళీగానే ఉంచుతాం.

సేఫ్టీ ఆఫీసర్:
ఖాళీ వద్దండి. 'పరిశీలనలో' అని రాసి, మళ్లీ చూడాల్సిన తేదీ వేయండి. బల్ల ఎత్తు, కుర్చీ మార్చడానికి మాత్రం ఆ కాగితం కోసం ఆగకండి.