శతాధిపతి కింద వందమంది ఉండేవారా?

ప్రశ్న: రోమన్ సైనికుల మీద వచ్చిన ఒక సీరియల్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నానండీ. సెంచూరియన్ అన్నచోటల్లా మన బైబిల్లో ఉన్నట్టే 'శతాధిపతి' అని పెట్టాను. సరిచూసిన స్నేహితుడేమో వాళ్ల కింద ఉండేది ఎనభై మందే, చరిత్ర ప్రకారం ఈ మాట తప్పు, సెంచూరియన్ అనే ఉంచెయ్ అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: శతాధిపతి అనే ఉంచండి. మీ స్నేహితుడి లెక్క నిజమే. చక్రవర్తుల కాలంలో గుడారానికి ఎనిమిది మంది, అలాంటి గుడారాలు పది, మొత్తం 80 మంది. ఆ దళం పేరు సెంచూరియా, ఆరు కలిస్తే 480 మంది కోహోర్టు. అయితే ఆ లాటిన్ పేరులో ఉన్నదీ వందే కదా! మనుషులు తగ్గినా రోమన్లే పేరు మార్చుకోలేదు, మనకెందుకు టెన్షన్? పంచాయతీ అన్నప్పుడు అందులో ఐదుగురే ఉన్నారా అని ఎవరూ లెక్కపెట్టరు. పైగా బైబిల్లోని కపెర్నహూము శతాధిపతి, ఇటలీ పటాలపు కొర్నేలీ కథలు విని పెరిగినవాళ్లకి ఈ మాట చెవిన పడగానే మనిషి కళ్లముందు నిలబడతాడు, 'సెంచూరియన్' అంటే క్రికెట్లో వంద కొట్టినవాడు గుర్తొస్తాడు.

నాకు సినిమాల మీద కోపం వచ్చేది అంకెల దగ్గర కాదు, శతాధిపతిని చూపించే తీరు దగ్గర. అతని చేతిలో ద్రాక్షకర్ర ఉండాలి, అది హోదాకి గుర్తు, మాట విననివాణ్ణి కొట్టేదీ దాంతోనే. జర్మనీలోని బాన్ మ్యూజియంలో మార్కస్ కేలియస్ అనే శతాధిపతి స్మారకశిల ఉంది, క్రీ.శ. 9లో రోమన్ సేనాపతి వారుస్ సేనలు తుడిచిపెట్టుకుపోయిన యుద్ధంలో పోయాడాయన. తల మీద ఓక్ ఆకుల కిరీటం, ఛాతీ నిండా పతకాలు, చేతిలో ఆ కర్ర. వయసు యాభై మూడు దాటింది! తెర మీద ఆ వయసువాణ్ణి సేనాపతి పక్కన సలహాదారుగా నిలబెడతారు గానీ ముందు వరసలో పెట్టరు.

ఇంకొక శతాధిపతి లూసిలియస్, రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు ఈయన గురించి. సైనికుల వీపుల మీద కర్ర విరిగిపోయేదాకా కొట్టి, ఇంకోటి తెమ్మని కేకలేసేవాడట, అందుకని సైనికులు ఆయనకి పెట్టిన పేరే 'ఇంకోటి తే'. క్రీ.శ. 14లో రోమన్ల సరిహద్దు రాష్ట్రం పనోనియాలో సైనికుల తిరుగుబాటు జరిగినప్పుడు వాళ్లే చంపేశారు. ఇంత కథ చేతిలో ఉండగా ఏ ఆధారమూ లేని తోలు మణికట్టు పట్టీలు అందరికీ తగిలించి, ఆ కర్రని మాత్రం మర్చిపోవడం నాకు అసలు అర్థం కాదు.

మరొకరు: అలాగైతే సినిమా పాఠ్యపుస్తకం అయిపోదూ? జనం కథ కోసం వస్తారండీ.

జవాబు: కథ కోసం మార్చడం తప్పని నేననలేదండీ. 2005లో వచ్చిన 'రోమ్' సీరియల్నే చూడండి. వోరేనస్, పుల్లో అనే ఇద్దరి పేర్లూ సీజర్ సొంత రాతల్లో ఉన్నాయి, కానీ అక్కడ ఇద్దరూ శతాధిపతులే, పదవి కోసం ఏటా పోటీపడేవాళ్లు. సీరియల్లో పుల్లోని మామూలు సైనికుణ్ణి చేశారు. దాంతో పై అధికారికీ కిందివాడికీ మధ్య స్నేహం పుట్టింది, కథంతా దాని మీదే నడిచింది, అది మంచి మార్పే. మొదటి యుద్ధంలో వోరేనస్ విజిల్ ఊదగానే ముందువరస వెనక్కి తప్పుకుని వెనకవాళ్లు వస్తారు. ఆ విజిల్‌కి గట్టి ఆధారం లేదు, అయినా ఒప్పుకుంటాను, ఎందుకంటే వరస చెదరకపోవడమే రోమన్ల బలం అన్న సంగతి ఆ నిమిషంలో కళ్లకి కడుతుంది. అప్పట్లో జీనుకి రికాబులు లేవు, నటులు పడిపోకుండా పెట్టుకుంటారు, దానికీ అభ్యంతరం లేదు. కేక వినపడగానే వరస వదిలేసి ఎవరికివారు పరిగెత్తి కత్తులు దూసుకునే యుద్ధం మాత్రం నేను ఒప్పుకోలేను, అలా పోరాడితే అంత సామ్రాజ్యం నిలిచేదే కాదు.

సబ్‌టైటిల్స్ రాసేవారికి ఒక్క మాట. విలుకాళ్లని చూసి ఎవరైనా 'ఫైర్' అని అరిస్తే 'కాల్చండి' అని రాయకండి, అది తుపాకులొచ్చాక పుట్టిన ఆజ్ఞ. 'వదలండి' అంటే చాలు, సినిమా చేసిన తప్పు తెలుగులో సరైపోతుంది.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. మరి కోహోర్టులన్నీ కలిసిన పెద్ద దళం, లీజియన్‌కి ఏం రాయాలి?

జవాబు: బైబిల్లో ఒకచోట 'సేన', ఇంకోచోట 'సేనా వ్యూహము' అని ఉంది. సబ్‌టైటిల్లో చోటు తక్కువ కాబట్టి 'సేన' అనండి. పదమూడో సేన, పద్దెనిమిదో సేన అని నంబరుతో కలిపి రాయండి, వాళ్లూ అలాగే పిలుచుకునేవారు.