పుల్ చేయగానే స్క్రిప్టు దానంతటదే నడవాలా? టీమ్ మొత్తానికీ గిట్ హుక్ పెట్టడం మీద మీ అభిప్రాయం?

కొత్త_కమిట్

మా టీమ్‌లో ఈ వాదన తెగడం లేదు. గిట్‌లో పుల్ చేశాక (అంటే మిగతావాళ్ల కొత్త కోడ్ తెచ్చుకున్నాక) ప్యాకేజీల వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైల్ మారి ఉంటే, వాటిని ఇన్‌స్టాల్ చేసే ఎన్‌పీఎం సీఐ కమాండ్ కొట్టాలి. ఎవరో ఒకరు మర్చిపోతారు, యాప్ లేవదు, "నా దగ్గర ఎర్రర్ వస్తోంది" అని గ్రూపులో మెసేజ్ పడుతుంది, పొద్దున్న పనంతా అక్కడే ఆగిపోతుంది. అందుకని పోస్ట్-మెర్జ్ (మెర్జ్ అయ్యాక నడిచేది), పోస్ట్-చెకౌట్ (బ్రాంచ్ మారాక నడిచేది) హుక్‌లు, అంటే గిట్ దానంతటదే నడిపే స్క్రిప్టులు, రాశాను. ముందున్న కమిట్‌కీ ఇప్పటి కమిట్‌కీ మధ్య మారిన ఫైళ్లు చూసి, లాక్ ఫైల్ మారితే ఇన్‌స్టాల్, మైగ్రేషన్ల ఫోల్డర్ మారితే డేటాబేస్ మైగ్రేషన్ (టేబుళ్ల రూపం మార్చే స్క్రిప్టు), రెండూ వాటంతటవే నడుస్తాయి. హుక్‌లను రిపోలోనే (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటే) ఒక ఫోల్డర్‌లో ఉంచి, హుక్‌లు ఎక్కడున్నాయో గిట్‌కి చెప్పే కోర్.హుక్స్‌పాత్ సెట్టింగ్‌ని అటు తిప్పమని అందరినీ అడుగుతున్నాను. మా సీనియర్ ఒకాయన "పుల్ అంటే ఫైళ్లు తేవడం వరకే" అని ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

ఫ్రంటెండ్_కాకినాడ

మీరు చేసిందే కరెక్ట్ అండీ. మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన పని ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారం టెన్షనంతా దీని గురించే. పెద్ద ఫైళ్ల కోసం గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్లందరి మెషీన్లలో పోస్ట్-చెకౌట్, పోస్ట్-మెర్జ్ హుక్‌లు ఇప్పటికే ఉన్నాయి, దాన్నెవరూ తప్పు పట్టడం లేదు కదా.

రివ్యూ_బెంచ్

నేను మీ సీనియర్ గారి పక్షం. కానీ ఆయన చెప్పిన కారణం చాలదు, అసలు చిక్కు ఇంకోచోట ఉంది.

గిట్‌లో క్లోన్ చేస్తే (రిపోని మన మెషీన్‌లోకి కాపీ చేసుకుంటే) హుక్‌లు రావు. అది మరచిపోయి వదిలేసిన లోటు కాదు, కావాలనే అలా ఉంచారు. అవతలివాళ్లు రాసిన స్క్రిప్టు, నేను ఒప్పుకోకుండా నా మెషీన్‌లో నడవకూడదు. 2016లో గిట్ 2.9తో కోర్.హుక్స్‌పాత్ వచ్చింది. దాన్ని రిపో లోపలి ఫోల్డర్‌కి తిప్పితే ఆ గోడను మన చేత్తో మనమే తీసేసినట్టు. ఎలాగంటే, పోస్ట్-చెకౌట్ ఫైళ్లు మారాక నడుస్తుంది. అప్పటికి ఆ ఫోల్డర్‌లో ఉన్నది కొత్త బ్రాంచ్ తాలూకు హుక్. అంటే ఒకరి బ్రాంచ్‌ని రివ్యూ చేద్దామని చెకౌట్ కొట్టారనుకోండి, మీరు ఒక్క లైను చదవకముందే వాళ్ల స్క్రిప్టు మీ యూజర్‌నేమ్‌తో, మీ ఎస్‌ఎస్‌హెచ్ కీల (సర్వర్లలోకి లాగిన్ అయ్యే రహస్య ఫైళ్ల) పక్కన నడిచిపోతుంది. బయటివాళ్లు పంపిన పుల్ రిక్వెస్టులు (తమ మార్పులు కలుపుకోమని అడిగేవి) చూసే రిపో అయితే ఇది చాలా ప్రమాదం.

ఊరికే భయపెట్టడానికి అనడం లేదు. 2024 మేలో బయటపడ్డ సీవీఈ-2024-32002 అనే గిట్ భద్రతా లోపం చూడండి. సబ్‌మాడ్యూళ్లు (రిపో లోపలి రిపోలు), సిమ్‌లింకులు (వేరే చోటుని చూపించే లింకులు) కలిపి, అక్షరాల పెద్దా చిన్నా తేడా పట్టించుకోని ఫైల్ సిస్టమ్‌లో గిట్‌ని మోసం చేసి, గిట్ సొంత ఫోల్డర్ అయిన .గిట్ లోపలికి ఒక హుక్‌ని రాయించారు. సబ్‌మాడ్యూళ్లతో సహా క్లోన్ చేస్తుంటే, అది పూర్తయ్యేలోపే ఆ హుక్ నడిచేది. గిట్ 2.45.1లో సరిచేశారు. అంత కష్టపడితే గానీ దొరకని దారిని మనం సెట్టింగ్‌గా తెరిచిపెడుతున్నాం.

మైగ్రేషన్ సంగతి వేరు, దానికి నేను అసలు ఒప్పుకోను. పక్కవాళ్ల బ్రాంచ్‌కి వెళ్తే ఒక కాలమ్ పోయింది. మీ బ్రాంచ్‌కి తిరిగొస్తే ఫైళ్లు వెనక్కొస్తాయి, ఆ కాలమ్‌లోని డేటా రాదు.

ఫ్రంటెండ్_కాకినాడ

రివ్యూ_బెంచ్ గారూ, మైగ్రేషన్ మీద మీ మాట ఒప్పుకుంటాను. సెక్యూరిటీ వాదన మాత్రం సగమే నిలుస్తుంది. ఆ బ్రాంచ్ తీసుకున్నాక చేత్తోనైనా ఎన్‌పీఎం సీఐ కొడతారు కదా? అప్పుడు ఆ ప్రాజెక్టు పోస్ట్-ఇన్‌స్టాల్ స్క్రిప్టూ (ఇన్‌స్టాల్ అయ్యాక నడిచేది), ప్యాకేజీలవీ అన్నీ నడుస్తాయి. ఎటూ నడిచేదాన్ని రెండు నిమిషాలు ముందు నడిపితే కొత్తగా పోయేదేముంది?

ఇంకోటి. మీరు చెప్పిన 2.45.1లోనే, క్లోన్ సమయంలో హుక్‌లు నడవకుండా అదనపు కాపలా పెట్టారు. దాంతో గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ క్లోన్లు ఆగిపోయాయి, 2.45.2లో ఆ కాపలా తీసేయాల్సి వచ్చింది. హుక్‌ల మీద ఆధారపడి పని చేసుకునేవాళ్లు నిజంగానే ఉన్నారు, వాళ్లది తప్పు అలవాటేమీ కాదు.

రివ్యూ_బెంచ్

ఆ రెండు నిమిషాల్లోనే నేను డిఫ్ (మారిన లైన్లు) చదువుతానండీ. చదివి, అనుమానం ఉంటే ఇన్‌స్టాల్ కొట్టను, లేదా స్క్రిప్టులు నడవనివ్వని ఇగ్నోర్-స్క్రిప్ట్స్ పెట్టి కొడతాను, లేదా మిగతా మెషీన్‌కి విడిగా కంటైనర్‌లో నడుపుతాను. ఏది ఎప్పుడు నడవాలో నిర్ణయం నా చేతిలో ఉంటుంది. మీ పద్ధతిలో ఆ అవకాశమే లేదు. ఎల్‌ఎఫ్‌ఎస్ హుక్ సంగతంటారా, దాన్ని నేను ఇన్‌స్టాల్ చేసుకున్నాను. బ్రాంచ్ మారితే ఆ హుక్ మారదు.

సర్వర్_రూమ్

ఇద్దరూ మెషీన్ దగ్గరే ఆగిపోయారు. ఆటోమేటిక్‌గా నడవాల్సిన స్క్రిప్టుకు సరైన చోటు సర్వర్. గిట్‌కి ముందు వాడిన ఎస్‌వీఎన్ రోజుల్లో పోస్ట్-కమిట్ హుక్ సర్వర్‌లోనే ఉండేది, అడ్మిన్ తప్ప ఎవరూ ముట్టుకునేవారు కాదు. గిట్‌లో, సర్వర్‌కి పుష్ వచ్చాక నడిచే పోస్ట్-రిసీవ్ అదే పని చేస్తుంది. చిన్న సైట్లకు నేనిప్పటికీ అదే వాడతాను: పుష్ రాగానే వర్క్-ట్రీ (సైట్ ఫైళ్లుండే ఫోల్డర్) చూపించి చెకౌట్ మైనస్ ఎఫ్, ఆ తర్వాత సర్వీస్ రీస్టార్ట్.

దీన్ని మొదటిసారి రాసేవాళ్లు ఒకచోట తప్పకుండా ఇరుక్కుంటారు కాబట్టి చెబుతున్నా. పోస్ట్-రిసీవ్ నడిచేటప్పుడు రిపో ఎక్కడుందో గిట్‌కి చెప్పే గిట్_డిర్ అనే వేరియబుల్‌లో చుక్క (అంటే ఇప్పుడున్న ఫోల్డర్) ఒక్కటే ఉంటుంది. స్క్రిప్టులో వేరే ఫోల్డర్‌లోకి సీడీ చేసి గిట్ పుల్ అంటే "ఇది గిట్ రిపోజిటరీ కాదు" అని ఎర్రర్ వస్తుంది. టెర్మినల్‌లో అదే కమాండ్ చక్కగా పనిచేస్తుంది, ఎందుకు రావడం లేదో అంతుపట్టదు. సీడీకి ముందు అన్‌సెట్ గిట్_డిర్ అని ఒక లైను పెడితే చాలు.

బైసెక్ట్_ప్రియ

ఎవరూ అనలేదు కాబట్టి నేనంటాను. బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో వెతికే గిట్ బైసెక్ట్ ప్రతి అడుగులోనూ చెకౌట్ చేస్తుంది, పోస్ట్-చెకౌట్ ప్రతిసారీ నడుస్తుంది. పాత కమిట్ల మీద ఇన్‌స్టాల్ ఫెయిలైతే ఆ హుక్ ఎగ్జిట్ కోడే (పని అయిందో లేదో చెప్పే అంకె) చెకౌట్ ఎగ్జిట్ కోడ్ అవుతుంది, ఇక బగ్ వెతకడం ఎక్కడిదక్కడే ఆగుతుంది. కొత్త_కమిట్ గారూ, మీ టీమ్‌లో పుల్‌ని రీబేస్‌తో (మెర్జ్ చేయకుండా, తమ కమిట్లను కొత్త కోడ్ మీద మళ్లీ పేర్చి) చేసేవాళ్లు ఉన్నారా? లోకల్ కమిట్లు ఉండి రీబేస్ అయితే పోస్ట్-మెర్జ్ నడవదు. హుక్ ఉందన్న ధైర్యంతో వాళ్లు లాక్ ఫైల్ చూడటమే మానేస్తారు, అప్పుడు ఇప్పటికంటే ఎక్కువ టైమ్ పోతుంది.

కొత్త_కమిట్

రీబేస్ వాడేవాళ్లు సగం మంది ఉన్నారు, ఆ సంగతి నాకు తట్టలేదు. మైగ్రేషన్ తీసేస్తున్నాను. హుక్‌లు రిపో ఫోల్డర్ నుంచి నేరుగా నడవవు. ఒక సెటప్ కమాండ్ వాటిని .గిట్ లోపలి హుక్స్‌లోకి కాపీ చేస్తుంది, కావాలనుకున్నవాళ్లే దాన్ని కొట్టుకుంటారు. లాక్ ఫైల్ మారితే హుక్ ఇన్‌స్టాల్ చేయదు, "లాక్ ఫైల్ మారింది, ఎన్‌పీఎం సీఐ కొట్టండి" అని చూపిస్తుంది. రీబేస్ అయ్యాక నడిచే పోస్ట్-రీరైట్‌లోనూ అదే పెడతాను.

ఒక్క మెయిన్ బ్రాంచ్ విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. అక్కడికి వచ్చే ప్రతి కమిట్‌నీ ఇద్దరు చదివి ఆమోదిస్తారు. అక్కడ ఇన్‌స్టాల్ దానంతటదే నడిస్తే అభ్యంతరం ఏమిటి?

రివ్యూ_బెంచ్

ఆ ఇద్దరూ లాక్ ఫైల్ డిఫ్‌ని కూడా చదువుతున్నారా? గిట్‌హబ్ దాన్ని ముడిచేసి చూపిస్తుంది, తెరిచి చదివేవాళ్లు అరుదు. మీ దగ్గర చదువుతున్నారంటే నాకు అభ్యంతరం లేదు.