సమస్య: సెకను గడువంగ పదియారు సెకనులాయె

ఈసారి తేటగీతి. చిప్పు ఏటీమెగా328పీ (బుల్లి కంప్యూటర్ లాంటి మైక్రోకంట్రోలర్) అనుకోండి, లెడ్డు దీపం సెకనుకోసారి మారాలి, వాచీ పెట్టి చూస్తే పదహారు సెకన్లు. ఎందుకో పద్యంలోనే చెప్పాలి, ఊరికే "అయ్యో ఆలస్యం" అంటే ఒప్పుకోను.

బ్రెడ్‌బోర్డు బావ:

ఎనిమి దెన్మిదిచే తెగి యేకమయ్యె
కోడు పదియారు మెగలని గొప్పలాడె
ఫ్యూజు చూడక లూపులో పొరలినాను
సెకను గడువంగ పదియారు సెకనులాయె

నా సొంత గోడేనండి. కొత్త చిప్పులో లోపలి గడియారం 8 మెగాహెర్ట్జ్, దాన్ని ఎనిమిదితో భాగించే ఫ్యూజు (చిప్పులో నిలిచి ఉండే సెట్టింగు) ఫ్యాక్టరీ నుంచే వేసి వస్తుంది, అంటే నడిచేది 1 మెగాహెర్ట్జే. నేనేమో కోడ్‌లో ఎఫ్_సీపీయూ (గడియారం వేగం) 16000000, అంటే 16 మెగాహెర్ట్జ్, అని రాసేసి రెండు సాయంత్రాలు కోడ్ తిరగేశా.

నిర్వాహకుడు: "కో"కి "గొ" యతి చక్కగా కుదిరింది. ఎఫ్_సీపీయూ మనం కంపైలర్‌కి (కోడ్‌ని చిప్పు భాషలోకి మార్చేదానికి) చెప్పే మాట, చిప్పు దాని మొహం కూడా చూడదు, అందుకే "గొప్పలాడె" నచ్చింది. "మెగలు" కాస్త మోటు, పోనీలెండి.

టైమర్ తాత:

అఱువదియు నాల్గు కోరితి నయ్య నేను
వేయి యిరువది నాల్గును వేసె బిట్టు
టైమ రొక్కటె నత్తయై నడచుచుండె
సెకను గడువంగ పదియారు సెకనులాయె

నాది 16 మెగాహెర్ట్జ్ క్రిస్టలే (చిప్పు బయట పెట్టే గడియారం). చిప్పులో లెక్కపెట్టే టైమర్0కి వెళ్లే గడియారాన్ని 64తో భాగించి, సీటీసీ మోడ్‌లో (హద్దు చేరగానే మళ్లీ సున్నా నుంచి లెక్కపెట్టే పద్ధతి) ఓసీఆర్0ఏకి, అంటే ఆ హద్దుకి, 249 ఇస్తే మిల్లీసెకనుకో ఇంటరప్ట్ (చిప్పుని తట్టి పిలిచే సంకేతం), అలాంటివి వెయ్యి లెక్కపెడితే సెకను. ఎంతతో భాగించాలో చెప్పే సీఎస్ బిట్లు 011 ఉండాల్సిన చోట 101 పడింది, భాగహారం 1024 అయి కూర్చుంది, 64కి పదహారింతలు.

నిర్వాహకుడు: తాతగారూ, మూడో పాదంలో యతి పోయింది, "టై"కి "న" ఎలా పడుతుంది? మాటలు అటూ ఇటూ చేస్తే చాలు:

నత్తయై టైమరొక్కటే నడచుచుండె

ఆ "ఒక్కటే" మాత్రం తీయకండి, పద్యానికి ప్రాణం అదే. డిలే ఫంక్షన్ (కోడ్‌ని కాసేపు ఆపేది) సరిగ్గా ఉండి టైమర్ ఒక్కటే నత్తనడక నడిస్తే తప్పు ప్రీస్కేలర్‌లో (టైమర్ భాగహారంలో) ఉన్నట్టు. డిలే కూడా పదహారింతలై, చిప్పు నుంచి కంప్యూటర్‌కి వచ్చే సీరియల్‌లో పిచ్చి అక్షరాలొస్తుంటే అది బావగారి ఫ్యూజు కథ.

బ్రెడ్‌బోర్డు బావ: ఇంకో చిక్కండీ. ఆవేశంలో బయటి క్రిస్టల్ వాడమనే ఫ్యూజు వేసేశా, బోర్డు మీద క్రిస్టల్ లేదు. ఇప్పుడు ప్రోగ్రామర్ (కోడ్ ఎక్కించే పరికరం) పిలిస్తే చిప్పు పలకట్లేదు, చచ్చిందా?

నిర్వాహకుడు: చావలేదు, గడియారం లేక ఆగింది. 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు 22 పీకోఫారడ్ కెపాసిటర్లు పెట్టి మళ్లీ పిలవండి.