అప్‌డేట్: గడ్డకట్టే చలిలో డ్యామ్ ఎలా కడతారు?

ఐస్‌లాండ్‌లోని కారహ్న్యూకర్ లాంటి 198 మీటర్ల ఎత్తైన డ్యామ్‌ని చలికాలంలో ఎలా కడతారని పోయిన వారం అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. ఇది రాళ్ల కట్ట వేసి, నీళ్లుండే వైపు కాంక్రీట్ పలక పరిచే రకం డ్యామ్. నేను కాంక్రీట్ గురించే టెన్షన్ పడ్డాను గానీ, అసలు తిప్పలు రాళ్లతోనే ఉన్నాయి. మామూలుగా రాళ్లు పరిచి, నీళ్లు కొట్టి రోలర్ తిప్పుతారు. మైనస్ చలిలో ఆ నీళ్లు రాళ్ల మధ్య మంచుగా మారతాయి. తర్వాత అది కరిగితే కట్ట కుంగి, దాని మీదున్న ఆ కాంక్రీట్ పలక పగలొచ్చు. అందుకే నీళ్లు మానేసి, పొరలు పలచగా వేసి, రోలర్ ఎక్కువసార్లు తిప్పుతారట.

మీరు చెప్పినట్టే రెండు సిమెంట్ దిమ్మలు పోసి చూశాను. వెంటనే ఫ్రీజర్‌లో పెట్టినది కరిగాక గోటితో గీకితే పొడి రాలింది. రెండు రోజులు గోనెపట్టా కప్పి, ఆ తర్వాత పెట్టినది గట్టిగానే ఉంది. ఐస్‌క్రీమ్ పక్కన సిమెంట్ చూసి అమ్మ పెట్టిన చీవాట్లు వేరే లెక్క.